ఏ అడ్డంకీ లేని స్థలం

ఇడి-ఒసాన్‌లో ఆరెకరాల పాత తోటకు విలువ కట్టి, కాగితం చివర "ఖాళీ స్థలం, ఏ అడ్డంకీ లేదు" అని రాసి అకిన్‌లాబి సంతకం పెట్టాడు. ఆ తోట అతని తమ్ముడు బాంజి మామగారిది. పెద్దాయన పోయాక కొడుకులు దాన్ని లాగోస్ నుంచి వచ్చిన ఇళ్ళ కంపెనీకి అమ్ముతున్నారు. విలువ కట్టమని కంపెనీ అకిన్‌లాబిని పిలిచింది. ఇబాదాన్‌లో ఆ పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నవాడు కనుక పిలిచింది, అంతే. బాంజికి అందులో వాటా లేదు, మాటా లేదు. అయితే సోమవారం పొద్దున బావమరుదుల చేతిలో ఆ కాగితం చూసిన బాంజి అన్నకు ఫోన్ చేసి, "మీరు ఆ తోటలోకి వెళ్ళారా? లోపలికంటా వెళ్ళారా?" అని అడిగాడు. వెళ్ళానని చెబితే మారుమాట లేకుండా పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మంగళవారం మధ్యాహ్నం అకిన్‌లాబి కారు తీసి బొదిజాలోని తమ్ముడి కలప అడితికి బయల్దేరాడు.

పక్క సీట్లో సగం రాసిన వ్యాసం ఉంది. ఏటా ఈ నెలలో సర్వేయర్ల సంఘం పత్రికకు అతనే రాస్తాడు, వచ్చే ఏడాది ఊళ్ళో ఇళ్ళ ధరల తీరు ఎలా ఉండబోతోందని. ఈసారి రాయడం కష్టం కాలేదు. పద్నాలుగు నెలలుగా అతనికి ఏదీ కష్టంగా లేదు, సులువుగానూ లేదు. రైలు వచ్చింది కాబట్టి లాగోస్ అద్దెలు భరించలేనివాళ్ళు ఇటు వస్తారు. టొరంటోలో ఉన్నవాళ్ళు ఫోన్లో వీడియో చూసి ఇల్లు కొంటారు. సిమెంటు ధర నిలవదు కనుక కట్టిన ఇంటికంటే కాగితం మీది ఇల్లు ముందు అమ్ముడుపోతుంది. పన్నెండు గదుల పాత ఇల్లు పడగొట్టి నాలుగు ఫ్లాట్లు లేపుతారు. ఆ పన్నెండు గదులవాళ్ళు ఎక్కడికి పోతారన్నదానికి వ్యాసంలో ఎప్పుడూ చోటు ఉండేది కాదు. నాలుగో అంశం కింద కిందటేటి మాటలే తిరగరాశాడు: "పెరట్లో సమాధులున్న పాత ఇళ్ళకు బయటి ఊళ్ళవాళ్ళు ధర తగ్గించి అడుగుతున్నారు. అమ్మదలచిన కుటుంబాలు వాటిని ముందుగానే శ్మశానానికి మార్చుకోవడం మేలు."

అది రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు.

అతని కొడుకు ఇబుకున్ పద్నాలుగు నెలల కిందట, పంతొమ్మిదో ఏట, నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. వాళ్ళ ఆచారంలో కొడుకు పోతే తండ్రి పాతిపెట్టడు. ఆ చోటికి వెళ్ళడు, ఎక్కడని అడగడు. తల్లీ అంతే. ఆ మధ్యాహ్నం బాంజీ, అతని స్నేహితులిద్దరూ వచ్చి పిల్లవాణ్ణి తీసుకెళ్తుంటే, పెద్దవాళ్ళు అకిన్‌లాబినీ అతని భార్య మొరెనికెనూ వెనక గదిలో కూచోబెట్టి తలుపు దగ్గరికి వేశారు. చీకటి పడకముందే బాంజి తిరిగొచ్చాడు. అతని చెప్పులకు ఏ రంగు మట్టి అంటుకుందో కనబడుతుందేమోనని అకిన్‌లాబి కళ్ళు గోడ మీద పెట్టుకున్నాడు. అప్పటినుంచి అన్నదమ్ముల మధ్య ఆ ప్రస్తావన రాలేదు.

వీధివీధంతా అతన్ని "ఇబుకున్ నాన్నా" అని పిలిచేది. వారం తిరక్కుండానే, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, అందరూ "ఇరెతి నాన్నా" అనడం మొదలుపెట్టారు. ఇరెతి రెండోది, పన్నెండేళ్ళది. అకిన్‌లాబి ఆ పిలుపుకీ పలికాడు.

అడితి గేటు దగ్గరే రంపం మిషన్ రొద చెవుల్ని కప్పేసింది. ఎర్రటి పొట్టు గాలికి లేచి కారు అద్దం మీద పడింది. లోపల లావుపాటి ఆడమనిషి ఒకావిడ పలకను కాలితో తిరగేస్తూ బాంజిని ఆడిపోసుకుంటోంది.

"ఇదేం పలకయ్యా, మా ఆయన నడక కంటే వంకరగా ఉంది. దీనికి ఆ ధరా?"

"పలక వంకర మేకు కొడితే పోతుందమ్మా. మీ ఆయన వంకరకే మా దగ్గర సరుకు లేదు," అన్నాడు బాంజి.

కూలీలు నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వుతూ తల తిప్పి, అకిన్‌లాబిని చూసి ఆగింది.

"ఈ సార్‌ని నేనెరుగుదును. టేపు సార్ కదూ? ఓకే-ఆదోలో మా ఇల్లు కొలిచింది మీరే."

"అయివుండొచ్చమ్మా."

"అయివుండొచ్చేమిటి? నేను అకారా వడలకి నూనె పెట్టుకుని కూచుంటే, లే అన్నారు, మంచం జరుపు అన్నారు, మంచం కింద కూడా కొలిచారు. మంచం కింద ఏముందనీ, నా చెప్పులు తప్ప! మీరు వెళ్ళిన మూడు నెలలకి గది ఖాళీ చెయ్యమని కాగితం. ఇరవై రెండేళ్ళున్నాను సార్ ఆ గదిలో. మా పిల్లాడు సికిరు అక్కడే పుట్టాడు. ఇప్పుడు ఊరవతల ఒక్క గది వేసుకుంటున్నాను, ఇదిగో, ఈ వంకర పలకలతో. అక్కడికీ వస్తారా టేపు పట్టుకుని?"

"ప్రస్తుతానికి రాను."

"ప్రస్తుతానికంట! విన్నారర్రా?" తొడ చరుచుకుంది సికిరు తల్లి. "మనిషి అబద్ధం మాత్రం ఆడడు. ఎప్పుడొస్తారో ముందే చెప్పండి సార్, ఈసారి మంచం నేనే జరిపి ఉంచుతాను."

ఆవిడ మాటల్లో కోపం పెద్దగా లేదు. ఉంటే బాగుండేదనిపించింది అకిన్‌లాబికి. తిట్టించుకున్నా ఒంటికి తగిలేదేమో.

బాంజి ఆవిడకు మంచి పలకలే ఏరి ఇమ్మని కూలీకి చెప్పి, అన్నను వెనక రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళాడు. కుర్చీ మీది పొట్టు తన టోపీతో దులిపాడు. అన్న కూచునేదాకా తను కూచోలేదు, తర్వాతా కూచోలేదు. ఎదురుగా ఉన్న పూటకూళ్ళామెను కేకేసి రెండు అమల పిండిముద్దలు, ఎవేడు ఆకుకూర తెప్పించాడు.

"ముందు తినండి అన్నయ్యా."

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు?"

"తినండి."

అకిన్‌లాబి చెయ్యి కడుక్కుని తిన్నాడు. ముందు పెట్టారు కనుక తిన్నాడు. కూర వేడిగా ఉందని వేళ్ళకు తెలిసింది, నాలుక్కి తెలియలేదు. బాంజి అతను తినేదాకా వీధి వైపు చూస్తూ నిలబడి, పళ్ళెం తీసి పక్కన పెట్టి, అప్పుడు అడిగాడు.

"తోటలో ఎంతదాకా వెళ్ళారు?"

"వాగుదాకా. విలువ కట్టాలంటే నాలుగు మూలలూ చూడాలి కదా."

"కోకో చెట్లు దాటి?"

"దాటి."

"అక్కడేం చూశారు?"

రిపోర్టు అతనికి నోటికి వచ్చు. రాసింది రాసినట్టు అప్పజెప్పాడు. "తూర్పు మూలన కోకో చెట్లు ఇరవైమూడు, కాపు ఉడిగినవి. కూలిన పాక ఒకటి. వాగుకు ఇవతల తోటకూర మడి ఒకటి."

"మడి," అన్నాడు బాంజి.

"చిన్నది. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. తాత్కాలికమైన పంట, తీసెయ్యవచ్చు, పరిహారం అక్కర్లేదని..."

అక్కడ ఆగాడు. ఏడు, మూడు అన్న అంకెలు తన నోట్లోంచి వచ్చాకగాని అతనికి వినబడలేదు.

బయట రంపం ఒక దుంగను చీలుస్తూనే ఉంది. బాంజి టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. అతను తల దించుకున్నాడు. తమ్ముడి నడినెత్తిన వెంట్రుకలు పల్చబడ్డాయని అకిన్‌లాబి అప్పుడే గమనించాడు. ఇంకేం గమనించాలో తోచలేదు.

"మడి చేసింది నేనే," అన్నాడు బాంజి. "గడ్డి పెరగనిస్తే మేకలొస్తాయి. బోడిగా వదిలేస్తే దారినపోయేవాళ్ళు ఇదేమిటని అడుగుతారు. అందుకని తోటకూర చల్లాను. నెలకోసారి వెళ్ళి..."

"చాలు."

"మన ఇంటి పెరట్లో పెట్టలేను కదా అన్నయ్యా. నాన్న పక్కన పెడితే పొద్దున లేచి తలుపు తీస్తే మీకు కనబడతాడు. శ్మశానంలో పెడితే ఏదో ఒకనాడు ఎవరి చావుకో మీరు అక్కడికి వస్తారు, రాళ్ళ మీద పేర్లు చదువుతారు. మీకు చదవడం అలవాటు. మా మామగారిని అడిగాను. ఆయన ఎందుకని కూడా అనలేదు, లేచి పార అందుకున్నాడు. మీరు జన్మలో అడుగుపెట్టని చోటు ఏదా అని వెతికి వెతికి అక్కడ పెట్టాను. ఆ అడవి పక్కకి రైలొస్తుందని నేను కలగన్నానా? లాగోస్‌వాళ్ళు అక్కడ ఇళ్ళు కట్టుకుంటారని నాకెవరు చెప్పారు?"

"నాకు తెలుసు," అన్నాడు అకిన్‌లాబి. "మూడేళ్ళుగా రాస్తున్నాను. ఊరు ఇక ఆ వైపే పెరుగుతుందని."

"మీరు రాస్తే నేనెక్కడ చదువుతాను? నేను కొయ్య అమ్ముకునేవాణ్ణి."

"అడిగితే చెప్పేవాణ్ణి."

"ఏమని అడగను?" బాంజి గొంతు లేచింది. "'అన్నయ్యా, పదేళ్ళదాకా ధర పెరగని జాగా ఏదైనా ఉంటే చెప్పండి, మీ అబ్బాయిని...'"

చేత్తో తన నోరు తనే మూసుకున్నాడు. మిషన్ దగ్గరివాళ్ళు ఇటు చూసి, చూడనట్టు తిరిగిపోయారు.

అకిన్‌లాబి తన కుడిచేతిని చూసుకున్నాడు. గోరు కింద కూర ఆకు ఇంకా పచ్చగా ఉంది. "టేపు చివర మేకు ఉంటుంది," అన్నాడు. "కొలిచేటప్పుడు కదలకుండా నేలలో గుచ్చుతాం. ఆ మడిలోనే గుచ్చాను. మిగతా నేల గట్టిగా ఉంది. అక్కడ మెత్తగా ఉందని."

బాంజి గోడ వైపు తిరిగిపోయాడు.

ఏడుపు రావలసిన చోటు ఇదేనని అకిన్‌లాబికి తెలుసు. కాసేపు చూశాడు. రాలేదు. బదులుగా పని గుర్తొచ్చింది. సంచీలోంచి తెల్లకాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"రిపోర్టు వెనక్కి తీసుకుంటాను. స్థలంలో సమాధి ఉందని రాసిస్తే పని ఆగుతుంది. చనిపోయినవాళ్ళ తాలూకువాళ్ళు ఒప్పుకునేదాకా అక్కడ పలుగు వెయ్యడానికి లేదు. తవ్వకం గురువారమన్నారు. ఇంకా రెండు రోజులుంది. సరిహద్దు రాయి నుంచి ఎన్ని అడుగులో సరిగ్గా రాయాలి. పద, వెళ్ళి కొలుద్దాం."

"మీరు రాకూడదు."

"నేను చూశాను బాంజీ. దాని మీద నిలబడ్డాను."

"తెలియక నిలబడ్డారు. తెలియక చూసింది చూసినట్టు కాదు. తెలిసి వెళ్తే వేరు. పెద్దవాళ్ళు ఊసుపోక పెట్టిన మాట కాదది." గొంతు తగ్గించాడు. "మీకింకో బిడ్డ ఉంది అన్నయ్యా. ఇరెతి ఉంది. కొడుకు గుంట చూసిన కళ్ళతో దాన్ని ఎలా చూస్తారు? కొలతలు నేను తెస్తాను. మీరు కారులో కూచోండి, అది కూడా రోడ్డు మీద."

"పద్నాలుగు నెలలు అడగలేదు నేను. అడగకపోతే ఏమైందో చూశావుగా."

"మరి వదినో? మీకు తెలిస్తే మీ మొహం చూసి ఆవిడ పోల్చేస్తుంది."

"నా మొహంలో ఏమీ కనబడదు."

బాంజి అన్న మొహంలోకి చూశాడు. కాదనలేకపోయాడు.

అకిన్‌లాబి కంపెనీ మేనేజరు ఒసారోకు ఫోన్ చేశాడు. బాంజి వినడానికి వీలుగా స్పీకర్ ఆన్ చేసి ఫోన్ తొడ మీద పెట్టుకున్నాడు. అటునుంచి ఒసారో గొంతుకంటే ముందు ఏదో మిషన్ ఉరుముతున్న చప్పుడు వచ్చింది.

"నూరేళ్ళు సార్ మీకు! ఇప్పుడే మీ మాట అనుకున్నాం. మీ రిపోర్టు పుణ్యమా అని బ్యాంకువాళ్ళు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇంకా పునాది లేదు, అప్పుడే పదకొండు ఇళ్ళు అడిగారు తెలుసా?"

"ఒసారో, ఆ రిపోర్టు నేను వెనక్కి తీసుకుంటున్నాను. స్థలంలో సమాధి ఉంది."

ఒసారో పక్కకు నడిచినట్టున్నాడు, మిషన్ చప్పుడు కాస్త దూరమైంది.

"తోటకూర మడి సంగతా సార్?"

బాంజి చేతిలోంచి టోపీ జారి కిందపడింది.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు అకిన్‌లాబి.

"అదేంటి సార్, ఇంట్లో అనుకునే కదా మీరు రిపోర్టులో రాయంది? మీరు ఆ మాట ఎత్తలేదు కదాని నేనూ ఎత్తలేదు. మేడమ్ శుక్రవారం మా ఆఫీసుకు వచ్చారు. తవ్వడానికి అభ్యంతరం లేదని తల్లిగా సంతకం పెట్టి ఇచ్చారు. పరిహారం ఇస్తామన్నాం, కంపెనీ పద్ధతి అది. ఒక్క నైరా కూడా వద్దన్నారు. తవ్వేటప్పుడు తను అక్కడ ఉండాలన్నారు, అంతే."

"ఏ మేడమ్?"

"మీ మేడమ్ సార్! మొరెనికె మేడమ్." ఒసారో గొంతులోని హుషారు తగ్గింది. "మీకు... సార్, మీకు తెలుసనుకున్నాను. గురువారం రావలసిన మిషన్ ఇవాళే దొరికింది. పొద్దున ఆవిడకు ఫోన్ చేశాను. తొమ్మిదింటికల్లా వచ్చేశారు. అప్పటినుంచి ఆ మడి దగ్గరే నిలబడి ఉన్నారు, డ్రైవర్ని అటు రానివ్వడంలేదు. ఉండండి సార్, ఉండండి, ఇస్తాను."

పొద్దున మొరెనికె తను పాఠాలు చెప్పే స్కూలుకే వెళ్తున్నానంది. ఎప్పుడూ కట్టే బట్టలు కాకుండా పాత చొక్కా, పొలం చెప్పులు వేసుకుంది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది కూడా. అకిన్‌లాబి చూశాడు. ఎందుకని అడగలేదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఏమీ అడక్కుండా ఉండడానికి అలవాటుపడ్డారు.

ఫోన్లో గాలి చప్పుడు, అడుగుల చప్పుడు. తర్వాత ఆమె.

"నేనే."

అతను ఫోన్ మీదికి వంగాడు.

"తన పెళ్ళాన్ని ఏమీ అనొద్దని బాంజికి చెప్పండి. పాపం, నెల రోజులు నోరు విప్పలేదు. నేనే కాళ్ళు పట్టుకున్నాను. అన్నలు తోట అమ్ముతున్నారని తెలిసి అదీ తట్టుకోలేక చోటు చెప్పేసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆపేవారు." ఆమె గొంతు పిల్లలకు లెక్క చెబుతున్నట్టు మామూలుగా ఉంది. "ఆపితే వీడు మళ్ళీ ఇక్కడే. మళ్ళీ నాకు తెలియని చోటే. ఎలాగూ తవ్వుతున్నారు. ఇంటికి తెచ్చుకుంటాను. పెరట్లో మామయ్యగారి పక్కన పెట్టుకుంటాను. ఎవరేమన్నా అననివ్వండి. తల్లి చూడకూడదంటారు. చూడకుండా ఉండి చూశాను కదా."

బాంజి రెండు చేతులూ తలమీద పెట్టుకుని చెక్క బల్ల మీద కూలబడ్డాడు. అన్న ఎదుట కూచోవడం అతనికి అదే మొదటిసారి.

"మిషన్ వద్దన్నాను," అంది మొరెనికె. "నలుగురు పారలు పట్టుకుని నిలబడ్డారు. ఎటువైపు నుంచి మొదలుపెట్టాలని అడుగుతున్నారు. నాకు తెలియదు. మీరు బాంజి దగ్గరే ఉన్నారా?"

"ఉన్నాను."

"అయితే అడిగి చెప్పండి. తల ఎటువైపు పెట్టాడు?"

షెడ్డులో ఆ మాట ఇద్దరికీ వినబడింది. బాంజి లేచాడు. కళ్ళు తుడుచుకోకుండానే చెయ్యి చాచాడు.

"ఫోన్ ఇటివ్వండి. వదినకే చెప్తాను. మీరు కాస్త బయటికి వెళ్ళండి అన్నయ్యా. మీ చెవిన పడకూడదు."

అకిన్‌లాబి కదల్లేదు. ఫోన్ గుప్పిట్లో పట్టుకున్నాడు. అటువైపు మొరెనికె ఊపిరి వినబడుతోంది. ఎవరో పారను రాయికేసి గీస్తున్నారు.

"నాకు చెప్పు," అన్నాడు తమ్ముడితో. "నేను చెప్తాను ఆవిడకి."

బాంజి అన్న కళ్ళలోకి చూసి, నేలకేసి చూసి, పెదవులు తడుపుకున్నాడు.